కేక వేయడం వేరు, కేకలేయడం వేరు: ఇంగ్లిష్ అరుపుల లెక్క

‘మా మేనేజర్ నా మీద అరిచాడు’ అన్న మాటను ఇంగ్లిష్‌లో చెప్పమంటే బెజవాడలో చాలామంది నోట వచ్చేది ‘మై మేనేజర్ షౌటెడ్ ఆన్ మి’. తెలుగులో ‘మీద’ ఉంది కాబట్టి ఇంగ్లిష్‌లోకి ‘ఆన్’ నడిచొచ్చేసింది. అక్కడ ఉండాల్సింది ‘ఎట్’. కోపం సంగతీ అంతే. ‘యాంగ్రీ ఆన్ మి’ అనరు, ‘యాంగ్రీ విత్ మి’ అంటారు.

గట్టిగా మాట్లాడటానికి ఇంగ్లిష్‌లో క్రియలు కుప్పలున్నాయి: షౌట్, యెల్, స్క్రీమ్, ష్రీక్, బెలో, రోర్, కాల్ ఔట్, స్పీక్ అప్, ఎక్స్‌క్లెయిమ్, ప్రొటెస్ట్, డినౌన్స్. ఏలూరు రోడ్డులో దొరికే పోటీ పరీక్షల పుస్తకాల్లో వీటికి ఎదురుగా రాసే అర్థం మాత్రం ఒకటే: ‘బిగ్గరగా అరచు’. ఆ జాబితా ఎంత బట్టీ పట్టినా వాక్యం రాదు. మన దగ్గర గడబిడ జరిగేది క్రియ దగ్గర కాదు, దాని పక్కనుండే ఎట్, టు, ఫర్, ఔట్, అప్, డౌన్ అనే బుల్లి మాటల దగ్గర. క్రియ తప్పితే వాక్యం కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. బుల్లి మాట తప్పితే బతిమాలినవాడు తిట్టినవాడైపోతాడు.

పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు ప్లాట్‌ఫాం నుంచి కదులుతోంది. సంచీ పట్టుకుని ఒకాయన పరుగెత్తుకొస్తూ “అన్నా, ఆపన్నా!” అని కేక వేశాడు. ఇది ‘హి షౌటెడ్ టు ద డ్రైవర్’. దూరం ఎక్కువుంది, ఇంజిన్ రొద ఉంది, గొంతు పెంచక తప్పలేదు. బస్సు ఆగింది. ఎక్కీ ఎక్కగానే ఆయనే “చూస్తూ కూడా ఆపవేంటయ్యా?” అని కేకలేశాడు. ఇప్పుడది ‘హి షౌటెడ్ ఎట్ ద డ్రైవర్’. రెండుసార్లూ గొంతు ఒక్కటే, మనిషీ ఒక్కడే. ‘టు’ ఉంటే మాట చేరాలన్న తాపత్రయం. ‘ఎట్’ ఉంటే అవతలి మనిషి గురి.

ఈ తేడా మనకు కొత్తేం కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ‘వెళ్లేటప్పుడు ఒక కేకెయ్యి’ అంటే పిలవమని. ‘మా నాన్న కేకలేశాడు’ అంటే తిట్టాడని. ఇంగ్లిష్ ‘టు’, ‘ఎట్’ల మధ్య పెట్టిన తేడాని మనం ఏకవచనంతో, బహువచనంతో నడిపించేస్తున్నాం. కాబట్టి గుర్తుకి సూత్రాలు అక్కర్లేదు. మనసులో ‘కేక’ ఉంటే ‘టు’, ‘కేకలు’ ఉంటే ‘ఎట్’. మొదటిదానికి అచ్చంగా సరిపోయే పలుకుబడి కూడా ఇంగ్లిష్‌లో ఉంది. ‘గివ్ మి ఎ షౌట్ వెన్ యు లీవ్’ అంటే వెళ్లేటప్పుడు ఒక కేకెయ్యమనే. బ్రిటిష్ వాళ్ల వాడుకలో ఇది మామూలు.

‘ఎట్’కి ఈ గురిపెట్టే గుణం ఒక్క షౌట్ దగ్గరే కాదు. ‘త్రో ద బాల్ టు హిమ్’ అంటే పట్టుకునేలా వేయడం, ‘త్రో ఎ స్టోన్ ఎట్ హిమ్’ అంటే తగిలేలా విసరడం. ‘టాక్ టు’ అంటే మాట్లాడటం. ‘టాక్ ఎట్’ అంటే అవతలివాళ్లకి సందివ్వకుండా వాయించడం. లాఫ్ ఎట్, పాయింట్ ఎట్, స్టేర్ ఎట్ అన్నీ ఈ కోవలోవే. ఇది పట్టుబడితే యెల్ ఎట్, స్క్రీమ్ ఎట్, స్నాప్ ఎట్ విడివిడిగా నేర్చుకునే పని తప్పుతుంది.

ఒక మినహాయింపు ఉంది. ‘షౌటెడ్ ఎట్ హిమ్ టు స్టాప్’ అన్నట్టు వెనకాల చేయాల్సిన పని కూడా చెబితే అక్కడ కోపమే ఉండాలని లేదు, తొందర ఉన్నా చాలు. లారీ మీదకొస్తుంటే పిల్లాణ్ని ఆగమని అరిచిన తల్లికి ఈ వాక్యం సరిపోతుంది. చేయాల్సిన పని చెప్పకుండా ‘షౌటెడ్ ఎట్ హిమ్’ దగ్గర ఆపేస్తే మాత్రం తిట్టినట్టే లెక్క.

షౌట్ పక్కన చేరే మిగతావి త్వరగా చూద్దాం. ‘షౌట్ ఫర్ హెల్ప్’లో ‘ఫర్’ కావలసినదాన్ని చెబుతుంది. ‘షౌట్ ఔట్’ అంటే ఉన్నట్టుండి పైకి అనేయడం. క్లాసులో చెయ్యెత్తకుండా జవాబు అరిచేవాళ్లు చేసేది అదే. మధ్యలో గీత పెట్టి నామవాచకంగా రాసే ‘షౌట్-ఔట్’ అంటే నలుగురిలో ఒకరి పేరు చెప్పి మెచ్చుకోవడం. ‘షౌట్ డౌన్’ అంటే అవతలివాడి మాట వినపడకుండా అరిచి కూర్చోబెట్టడం. కౌన్సిల్ సమావేశాల వార్తలు రాసేవాళ్లకు రోజూ పనికొచ్చే మాట, ఎందుకో తక్కువ వాడతారు. ‘షౌటెడ్ దెమ్‌సెల్వ్స్ హోర్స్’ అంటే గొంతు బొంగురుపోయేలా అరిచారని. మన ఇంగ్లిష్ పత్రికల్లో దీని బదులు ‘క్రయింగ్ హోర్స్’ పాతుకుపోయింది. ఇక చదువుకోడానికి ఆస్ట్రేలియా వెళ్లే పిల్లలు తెలుసుకోవాల్సిందొకటి. అక్కడ ఎవరైనా ‘ఇట్స్ మై షౌట్’ అంటే బెదిరిపోనక్కర్లేదు. ఈసారి బిల్లు నేను కడతానని అర్థం.

గొంతు తీరు

ఇప్పుడు క్రియల దగ్గరికి. షౌట్ అన్నిటికీ సరిపోయే మామూలు మాట. కారణం కోపం కావచ్చు, సంతోషం కావచ్చు, దూరం కావచ్చు. యెల్ దానికన్నా ఒక మెట్టు పైన. అందులో అదుపు తక్కువ, పదును ఎక్కువ. అమెరికన్లు మనం షౌట్ అనేచోట చాలాసార్లు యెల్ అంటారు. ‘హాలర్’ కూడా అమెరికా మాటే, అక్కడి ఊళ్ల భాష. ఆఫీసు ఈమెయిల్‌లో వాడితే కృతకంగా ఉంటుంది.

స్క్రీమ్‌కీ షౌట్‌కీ అసలు తేడా మాటలుండటంలో ఉంది. ‘ఏమని అరిచాడు?’ అని అడిగితే షౌట్‌కి మామూలుగా జవాబుంటుంది, స్క్రీమ్‌కి ఉండాలని లేదు. భయం, నొప్పి, పట్టలేని ఆనందం వల్ల సన్నగా పైస్థాయిలో వచ్చే అరుపు స్క్రీమ్. మన పొలికేక, గావుకేక దీనికి దగ్గర. ష్రీక్ ఇంకా సన్నం, ఇంకా పొట్టి. బల్లి మీద పడితే వచ్చేది ష్రీక్, రోలర్ కోస్టర్ మీద ఆగకుండా సాగేది స్క్రీమ్. నొప్పితో ‘అమ్మా!’ అన్నంత వరకే అయితే రెండూ వద్దు, ‘క్రై ఔట్ ఇన్ పెయిన్’ చాలు.

ఈ ‘క్రై’ దగ్గర కాస్త జాగ్రత్త పడాలి. ఒట్టి ‘షి క్రైడ్’ అంటే నేటి పాఠకుడికి కనిపించేది కన్నీళ్లే. అరుపు కావాలంటే ‘ఔట్’ చేర్చాలి, లేదా కథల్లోలాగా పక్కనే కొటేషన్ ఉండాలి. ‘క్రై ఔట్ ఫర్’కి మరో అర్థం కూడా ఉంది. ‘దిస్ రోడ్ ఈజ్ క్రయింగ్ ఔట్ ఫర్ రిపేర్స్’ అంటే ఈ రోడ్డుకి మరమ్మతు ఎంత అవసరమో చూస్తేనే తెలిసిపోతోందని. మున్సిపాలిటీకి అర్జీ రాసేవాళ్లు దాచుకోదగ్గ వాక్యం.

జంతువుల నుంచి వచ్చిన క్రియల్లో మనకి సగం పని సులువు. బెలో అంటే ఎద్దు రంకె. లోతైన గొంతుతో ‘రంకెలేశాడు’ అన్నచోట అది దిగినట్టు సరిపోతుంది. రోర్ గర్జన. ఒక మనిషికే కాదు, గుంపుకీ వాడతారు: ‘ద క్రౌడ్ రోర్డ్’. పగలబడి నవ్వడం ‘రోర్ విత్ లాఫ్టర్’. థండర్ అంటే ఉరమడం, మనమూ ‘ఉరిమాడు’ అంటాం. బార్క్ దగ్గర మాత్రం తెలుగు మోసం చేస్తుంది. ‘ద ఇన్‌స్పెక్టర్ బార్క్‌డ్ ఆర్డర్స్’లో ఉన్నది కరుకుదనం, పొడి మాటలు. దాన్ని ‘ఇన్‌స్పెక్టర్ మొరిగాడు’ అని తెలుగు చేస్తే పరువునష్టం దావా దాకా పోతుంది. ‘కటువుగా ఆదేశాలిచ్చాడు’ అనుకోవాలి. స్నాప్ అసలు పెద్ద గొంతే కాదు. ‘పనిలో ఉన్నాను, తర్వాత రా’ అని కసురుకోవడం అది. ‘స్నాప్డ్ ఎట్ మి’ అంటే ‘నన్ను కసురుకుంది’. గొంతు పెంచకుండానే గాయం చేసే క్రియ.

బాల్ (bawl, బంతి కాదు) అనే క్రియ ఎక్కువగా పిల్లల ఏడుపుకి: గుక్కపట్టి ఏడవడం. ‘బాల్ ఔట్’ అంటే చెడామడా తిట్టడం. దీన్ని ‘బ్రాల్’తో కలిపేయకూడదు, బ్రాల్ అంటే కొట్లాట. వెయిల్ అంటే లబోదిబోమని మొత్తుకోవడం. బ్లేర్ మనుషులకి వాడరు, హారన్లకీ మైకులకీ వాడతారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పందిరి మైకు మీద ఫిర్యాదు రాసేవాళ్లు ‘ద మైక్ ఈజ్ షౌటింగ్’ అనకుండా ‘ద లౌడ్‌స్పీకర్ వాజ్ బ్లేరింగ్ ఆఫ్టర్ టెన్’ అనాలి. చాంట్ అంటే నలుగురూ కలిసి ఒకే లయలో మళ్లీ మళ్లీ అనడం. ఇంద్రకీలాద్రి మెట్లమీద భవానీల ‘జై దుర్గా’కీ, అలంకార్ సెంటర్ ధర్నాలో నినాదాలకీ ఇదొక్కటే క్రియ. ‘రెయిజ్ స్లోగన్స్’ అనేది మన దేశపు వాడుక. ఇక్కడ తప్పు కాదు గానీ బయటివాళ్లు ‘చాంట్ స్లోగన్స్’ లేదా ‘షౌట్ స్లోగన్స్’ అంటారు.

ఈ క్రియల్లో మరో చిక్కు ఉంది, దాన్ని నిఘంటువులు అంతగా పట్టించుకోవు. రోర్, థండర్, బెలో ఎక్కువగా మగవాళ్లకి వాడతారు, ష్రీక్, స్క్రీచ్ ఆడవాళ్లకి. ఒకే సభలో ఒకే స్థాయిలో మాట్లాడిన ఇద్దరు కౌన్సిలర్లలో ఆయన ‘థండర్డ్’, ఆవిడ ‘ష్రీక్డ్’ అని రాస్తే వార్తలోకి అభిప్రాయం దూరినట్టే. ఆవిడకు కూడా షౌటెడ్ అనో, స్పోక్ ఫోర్స్‌ఫులీ అనో రాయడానికి అడ్డేమీ లేదు.

బిగ్గరగా అంటే ఎంత?

బడిలో ‘రీడ్ అలౌడ్’ అనగానే పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా చదువుతారు. అలౌడ్ అంటే ‘పైకి’ అని మాత్రమే. మనసులో చదువుకోకుండా, వినపడేలా చదవడం. మామూలు గొంతు చాలు. గొంతు పెంచడం లౌడ్లీ. అందుకే ‘థింక్ అలౌడ్’ ఉంది, ‘థింక్ లౌడ్లీ’ లేదు. ‘ఔట్ లౌడ్’ కూడా ‘అలౌడ్’ లాంటిదే. ఇంకాస్త గట్టిగా కావాలంటే ‘స్పీక్ లౌడర్’. మాటల్లో ‘మోర్ లౌడ్లీ’ కన్నా ఇదే సహజం.

‘రైజ్’ అని మనం ఒకేలా రాసేవి ఇంగ్లిష్‌లో రెండు క్రియలు, పలికేటప్పుడు కూడా వేరు. ఒకటి ‘రెయిజ్’, పక్కన కర్మ ఉండాలి: ‘షి రెయిజ్డ్ హర్ వాయిస్’. రెండోది ‘రైజ్’, తనంతట తానే పెరిగేది: ‘హర్ వాయిస్ రోజ్’. ‘హర్ వాయిస్ రెయిజ్డ్’ అన్నది మన దగ్గర తరచూ వినిపించే తప్పు. ‘డోంట్ రెయిజ్ యువర్ వాయిస్ ఎట్ మి’ అన్నచోట మళ్లీ ఆ ‘ఎట్’ వచ్చింది చూడండి. అన్యాయం మీద గొంతెత్తడానికి మాత్రం ‘అగెయిన్‌స్ట్’: ‘రెయిజ్డ్ దెయిర్ వాయిసెస్ అగెయిన్‌స్ట్ ద చార్జెస్’.

ఇంటర్వ్యూలో ‘కుడ్ యు స్పీక్ అప్, ప్లీజ్?’ అంటే వినపడటం లేదు, కాస్త గట్టిగా చెప్పమని. నువ్వు ధైర్యంగా లేవని ఎవరూ అనలేదు. అక్కడ క్షమాపణలు చెప్పుకుంటూ కూర్చోకుండా గొంతు పెంచి చివరి వాక్యం మళ్లీ చెబితే సరిపోతుంది. అదే స్పీక్ అప్ పక్కన ‘ఫర్’ చేరితే అర్థం మారిపోతుంది. ‘నో వన్ స్పోక్ అప్ ఫర్ హర్’ అంటే ఆమె తరఫున నోరు విప్పినవాళ్లు లేరని. ఈ ‘అప్’లో పెద్ద గొంతు లేదు, మౌనం వీడటం ఉంది.

స్పీక్ ఔట్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. నలుగురికీ తెలిసేలా, కాస్త తెగించి చెప్పడం అది. పక్కన ‘అగెయిన్‌స్ట్’, ‘ఎబౌట్’, ‘ఆన్’ వస్తాయి. నలుగురి ఎదుట కాకుండా అధికారి గదిలో చెప్పిన అభ్యంతరానికి స్పీక్ అప్ సరిపోతుంది, స్పీక్ ఔట్ ఎక్కువైపోతుంది. కాల్ ఔట్‌కి రెండు ముఖాలున్నాయి. బస్టాండులో ‘గుంటూరు, గుంటూరు, గుంటూరు’ అని కండక్టర్ పిలుస్తాడే, అది ‘కాలింగ్ ఔట్’. అదే క్రియ మధ్యలో మనిషిని ఇరికించి ‘కాల్డ్ హిమ్ ఔట్’ అంటే చేసిన తప్పును బహిరంగంగా ఎత్తిచూపడం. సోషల్ మీడియాలో ఎక్కువ తిరిగేది ఈ రెండోదే. కాల్ ఫర్ ఇంకా వేరు: ‘కాల్డ్ ఫర్ ఏన్ ఎంక్వైరీ’ అంటే విచారణ జరపాలన్నారు. ‘ఎంక్వైరీకి పిలిచారు’ అని తెలుగు చేసినవాళ్లున్నారు, అప్పుడు వార్త తల్లకిందులు. విచారణ కోరినవాడు నిందితుడైపోతాడు.

బస్టాండు దగ్గర లాడ్జి ఏజెంట్లు ప్రయాణికుల వెంటపడటాన్ని కాల్ ఔట్ అనరు, ‘టౌట్ ఫర్ కస్టమర్స్’ అంటారు. బీసెంట్ రోడ్డులో తోపుడుబళ్ల వాళ్లు కేకలు పెట్టి అమ్మడం ‘హాక్’. హాకర్ అన్న మాట మనకు ఎప్పటినుంచో తెలుసు, దాని నుంచి వచ్చిన క్రియ మాత్రం వాడం.

చప్పుడు లేని బలం

గట్టిగా చెప్పడంలో రెండో రకం వేరు. ఇన్సిస్ట్, అసర్ట్, డిమాండ్, ప్రొటెస్ట్, కండెమ్, డినౌన్స్, అలెజ్ అన్నవాటిని గుసగుసగా కూడా చేయొచ్చు. కాగితం మీద కూడా చేయొచ్చు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో టంగుటూరి ప్రకాశం సాయుధుల ఎదుట రొమ్ము చూపి కాల్చమన్న ఘట్టాన్ని ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు షౌట్ దగ్గరే ఆగిపోతే బలం పోతుంది. ‘హి డేర్డ్ దెమ్ టు షూట్’. డేర్ ఎంత శబ్దమయిందో చెప్పదు, ఎంత తెగువో చెబుతుంది. అదే రోజుల్లో ‘సైమన్ గో బ్యాక్’ అన్న జనానికి మాత్రం చాంట్ కావాలి.

ఈ రకంలో మన తప్పులు ఎక్కువగా అనవసరమైన ప్రిపొజిషన్ తగిలించడం వల్ల వస్తాయి. మిర్చి రైతులు గిట్టుబాటు ధర డిమాండ్ చేశారంటే ‘ఫార్మర్స్ డిమాండెడ్ ఎ ఫెయిర్ ప్రైస్’. ‘డిమాండెడ్ ఫర్’ అనకూడదు. నామవాచకమైతేనే ‘ఫర్’: ‘దెయిర్ డిమాండ్ ఫర్ ఎ ఫెయిర్ ప్రైస్’. ‘ఫర్’ తప్పకుండా కావాలనుకుంటే ‘క్లామర్డ్ ఫర్’ ఉంది, కానీ అందులో గోల చేశారన్న ధ్వని ఉంది. రైతుల పక్షాన రాసే కరపత్రంలో వాడితే మన కంట్లో మనమే పొడుచుకున్నట్టు. కండెమ్, డినౌన్స్, డిక్రై మూడింటికీ నేరుగా కర్మే: ‘కండెమ్డ్ ది ఎటాక్’. వెనకాల ‘ఎబౌట్’ వద్దు. అనౌన్స్‌కీ డిక్లేర్‌కీ నేరుగా వచ్చేది విషయమే, మనుషులు ‘టు’తో వెనక వస్తారు: ‘అనౌన్స్డ్ ద రిజల్ట్స్ టు ద స్టూడెంట్స్’. ‘అనౌన్స్డ్ ద స్టూడెంట్స్’ అంటే విద్యార్థులనే ప్రకటించినట్టు. ఎక్స్‌క్లెయిమ్‌కైతే ఎదుటి మనిషే అక్కర్లేదు. ఆశ్చర్యం నోట్లోంచి ఊడిపడటం అది, మాటల్లో దాదాపు ఎవరూ వాడరు. డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చే పరీక్ష ప్రశ్నల వల్ల మనకు అతిగా అలవాటైంది.

ప్రొటెస్ట్‌కి మూడు వేషాలు. బ్రిటిష్ వాడుకలో ‘ప్రొటెస్టెడ్ అగెయిన్‌స్ట్ ద డెసిషన్’. అమెరికన్లు ‘అగెయిన్‌స్ట్’ తీసేసి ‘ప్రొటెస్టెడ్ ద డెసిషన్’ అంటారు. రెండింటి అర్థం ఒకటే, వ్యతిరేకించడం. కానీ ‘హి ప్రొటెస్టెడ్ హిజ్ ఇన్నోసెన్స్’ అంటే తాను నిర్దోషినని గట్టిగా చెప్పుకున్నాడని. ‘తన అమాయకత్వాన్ని నిరసించాడు’ అని తెలుగు చేస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఉచ్చారణ కూడా మారుతుంది. నామవాచకంలో ఊత ‘ప్రో’ మీద, క్రియలో ‘టెస్ట్’ మీద.

ఇన్సిస్ట్‌లో ఇంకా సూక్ష్మమైన మెలిక ఉంది. ‘హి ఇన్సిస్టెడ్ దట్ షి లీవ్’ అంటే ఆమె వెళ్లిపోవాల్సిందేనని పట్టుబట్టాడు. ‘హి ఇన్సిస్టెడ్ దట్ షి హాడ్ లెఫ్ట్’ అంటే ఆమె వెళ్లిపోయిందని బల్ల గుద్ది చెప్పాడు. మొదటిది ఆజ్ఞ, రెండోది వాదన. తేడా అంతా వెనక క్రియ రూపంలోనే ఉంది. మొదటిదానిలో ‘లీవ్స్’ అని ‘స్’ తగిలిస్తే చదివేవాడు తికమక పడతాడు. అనుమానంగా ఉంటే ‘షుడ్ లీవ్’ అనేస్తే ఏ గొడవా లేదు. డిమాండ్‌కీ ఇదే పద్ధతి: ‘డిమాండెడ్ దట్ ద కమిషనర్ రిజైన్’.

అలెజ్, క్లెయిమ్, అసర్ట్ మూడూ ‘అన్నాడు’కి బదులుగా వాడే క్రియలే అయినా ఒకటి కాదు. అలెజ్ అంటే రుజువు కాని తప్పును ఒకరికి అంటగట్టడం, ఆరోపణ. క్లెయిమ్ అంటే రాసేవాడికి నమ్మకం లేదని తెలిసిపోతుంది. అసర్ట్‌లో మాట్లాడినవాడి నమ్మకం ఉంటుంది. విలేకరి ఏది ఎంచుకున్నా ఏదో ఒక పక్షం తీసుకున్నట్టే. ఎటూ తేల్చుకోలేకపోతే ‘సెడ్’ ఉండనే ఉంది.

తెలుగు పత్రికల క్రియలు ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. ధ్వజమెత్తారు, దుయ్యబట్టారు, మండిపడ్డారు, నిప్పులు చెరిగారు, విరుచుకుపడ్డారు, తూర్పారబట్టారు: డెస్కు మీద ఇవన్నీ ఒకదాని బదులు ఒకటి పడిపోతుంటాయి. విరుచుకుపడటం ‘లాష్ ఔట్ ఎట్’కి దగ్గర. మండిపడటం ‘ఫ్యూమ్ ఎట్’. ఇందులో కోపముంది గానీ మాట్లాడినట్టు ఉండాలని లేదు. దుయ్యబట్టడం ‘లాంబేస్ట్’. నిలదీయడం ‘కన్‌ఫ్రంట్’ లేదా ‘డిమాండ్ ఏన్ ఆన్సర్ ఫ్రమ్’. తూర్పారబట్టడంలో గాలికెత్తి తాలూ గింజా విడదీసే పని ఉంది. ఆ వివరం ఇంగ్లిష్‌లోకి రాదు. సభలో వక్తను మధ్య మధ్యలో గుచ్చే ‘హెకిల్’ అనే క్రియ కూడా నారను దువ్వే పనిలోంచి పుట్టిందే, అదీ తెలుగులోకి రాదు. సరిపెట్టుకోవాలి. మన ఇంగ్లిష్ పత్రికలకి ప్రాణమైన ‘ఫ్లే’కి అసలు అర్థం తోలు వలవడం. హెడ్డింగులో నాలుగు ఇంగ్లిష్ అక్షరాలే పడతాయని దాన్ని మోస్తున్నారు. వార్త లోపల ‘క్రిటిసైజ్డ్’ అంటే పోయేదేం లేదు. ‘కేమ్ డౌన్ హెవిలీ ఆన్’ కూడా ఇక్కడి ముద్దుబిడ్డే, ఇతర దేశాలవాళ్లు ‘కేమ్ డౌన్ హార్డ్ ఆన్’ అంటారు.

స్టేషన్ కాగితాల్లో

ఫిర్యాదుల్లో, సాక్షి వాంగ్మూలాల్లో ఈ క్రియలు తారుమారైతే నష్టం మార్కులతో పోదు. ‘ఆమె కేకలు వేయగా చుట్టుపక్కలవాళ్లు వచ్చారు’ అన్నదానికి మన కోర్టు ఇంగ్లిష్‌లో స్థిరపడిన రూపం ‘షి రెయిజ్డ్ హ్యూ అండ్ క్రై’. దీనికి పెద్ద చరిత్రే ఉంది. దొంగను చూసినవాడు కేకలు పెట్టాలి, విన్నవాళ్లంతా వెంటపడాలి అన్న పాత ఇంగ్లండ్ పద్ధతి పేరది. 1285 నాటి వించెస్టర్ శాసనంలో కూడా ఉంది. నేటి మామూలు ఇంగ్లిష్‌లో హ్యూ అండ్ క్రై అంటే జనం చేసే రాద్ధాంతం. మన కోర్టు వాడుక పాత అర్థాన్ని పట్టుకునే ఉంది కాబట్టి ఇక్కడి న్యాయమూర్తికి సందేహం రాదు. అదే కాగితం విదేశీ బీమా కంపెనీకో, వీసా ఆఫీసుకో పోతే ‘ఆమె నానా యాగీ చేసింది’ అన్నట్టు చదువుకుంటారు. అలాంటప్పుడు ‘షి స్క్రీమ్డ్ ఫర్ హెల్ప్’ రాయాలి. ‘రెయిజ్డ్ ది అలార్మ్’ కూడా పనికొస్తుంది.

‘తిట్టాడు’ ఇంకో బోను. తండ్రి కొడుకును తిడితే స్కోల్డ్. పక్కింటివాడు బూతులు తిడితే ‘అబ్యూజ్డ్’. ‘ఫిల్తీ లాంగ్వేజ్’ అన్న జోడింపు మన స్టేషన్లలో రివాజు. అరిచాడు గానీ బూతుల్లేవంటే ‘షౌటెడ్ ఎట్’. చంపుతానన్నాడంటే ‘థ్రెటెండ్ టు కిల్’. శపిస్తే కర్స్. ఒక్క తెలుగు క్రియకు ఇన్ని దారులున్నాయి, ఏ దారి పట్టామన్నదాన్ని బట్టి కేసు బరువు మారుతుంది. రాసేవాళ్లు “ఏమన్నాడు బాబాయ్, మాట మాట చెప్పు” అని అడిగి, ఆ మాటల్ని తెలుగులోనే కొటేషన్లలో పెట్టి, పక్కన ఇంగ్లిష్ అర్థం రాయడం మేలు. అప్పుడు క్రియ అటూ ఇటూ అయినా అసలు మాట చెక్కుచెదరదు.

సందేహం వస్తే తెలుగు అర్థాల జాబితా కన్నా లెర్నర్స్ డిక్షనరీ చూడటం నయం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడింటివీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. షౌట్ తెరిచి అర్థం దగ్గర ఆగకుండా కిందికి దిగితే ఉదాహరణ వాక్యాలుంటాయి. వాటిలో క్రియ వెంటనే ఏ బుల్లి మాట వచ్చిందో, అక్కడ మనిషి ఉన్నాడా విషయం ఉందా అన్నది చూసుకోవాలి. నోటుబుక్కులో క్రియని ఒంటరిగా రాసుకోవద్దు. ‘షౌట్ ఎట్ సంబడీ’, ‘డిమాండ్ సంథింగ్’, ‘అనౌన్స్ సంథింగ్ టు సంబడీ’ అని జంటగా రాసుకుంటే మాట్లాడేటప్పుడు నోటికి జంటగానే వస్తుంది.

ఇన్ని క్రియలు తెలిశాక వాటన్నిటినీ ఒకే పేజీలో దించాలన్న ఉబలాటం పుడుతుంది. పాత్రలు వరసగా ఎక్స్‌క్లెయిమ్ చేసి, థండర్ చేసి, బెలో చేస్తే చదివేవాడికి వినిపించేది రచయిత గొంతే. ఇంగ్లిష్ పాఠకుడి కంటికి ‘సెడ్’ పునరుక్తిలా అనిపించదు, ఎన్నిసార్లున్నా జారిపోతుంది. ఆఫీసు ఈమెయిల్‌లో అయితే క్రియ కూడా అక్కర్లేదు. వాక్యమంతా క్యాపిటల్ అక్షరాల్లో కొడితే అవతలివాళ్లు దాన్ని అరుపుగానే తీసుకుంటారు, మీరు క్యాప్స్‌లాక్ తీయడం మర్చిపోయారని వాళ్లకేం తెలుసు?